బోఫైటర్‌లో వెనక సీటు

టోకుమ్‌వాల్ శిక్షణ శిబిరం
మే, 1944

అక్కకి,

నన్నెవరూ చేసుకోలేదు. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను.

ఇక్కడ పైలట్లకీ, దారి చెప్పే నావిగేటర్లకీ జతలు కుదిర్చే పద్ధతి ఒకటుంది. అసలు పద్ధతంటూ లేకపోవడమే ఆ పద్ధతి. అందర్నీ ఒక పెద్ద షెడ్డులోకి తోలారు. కమాండరు వచ్చి, "టీ వేళకల్లా ఎవరి జత వాళ్లు చూసుకోండి. యుద్ధం అయ్యేదాకా వాడితోనే బతకాలి, వాడితోనే చావాలి. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవద్దు" అనేసి వెళ్లిపోయాడు. సెయింట్ కిల్డా డ్యాన్సు హాల్లో గోడవార నిలబడే ఆడపిల్లల బాధేమిటో నాకు ఆ పూట తెలిసొచ్చింది. పైలట్లు అటూ ఇటూ తిరుగుతున్నారు, సిగరెట్ ఇస్తున్నారు, భుజం తడుతున్నారు. నా దగ్గరికొచ్చేసరికి అందరికీ బూటు లేసులు ఊడిపోతున్నాయి. పైలట్ శిక్షణలో నేలకి దించేటప్పుడు రెండు విమానాలు విరగ్గొట్టి గెంటించుకున్నవాడు వీడేనని అప్పటికే పాకిపోయింది. నావిగేటర్‌గా నాకు మంచి మార్కులొచ్చాయన్న సంగతి మాత్రం ఎవడూ చెప్పుకోలేదు!

చివరికి షెడ్డులో ఇద్దరం మిగిలాం. రెండోవాడు మెర్విన్ మాడెర్న్. మాలీ ప్రాంతపు గోధుమ రైతు. ముప్ఫై దాటాయి, ముందు జుట్టు సగం లేదు. మెల్లిగా నడిచొచ్చి, "మనమే మిగిలినట్టున్నాం, అబ్బాయ్" అన్నాడు. అంతే. టీ తాగడానికి వెళ్లిపోయాడు. వారమైంది, ఆ తర్వాత అతని నోటినుంచి ఊడిపడిన మాటలు ఒక పోస్టుకార్డులో పడతాయి.

కానీ అక్కా, విమానం! బోఫైటర్‌ని దగ్గర్నుంచి చూశావా నువ్వు? రెండు ఇంజన్లూ మూతికన్నా ముందుకు పొడుచుకొచ్చి, పోట్లాటకి సిద్ధంగా నిలబడి ఉంటుంది. అందగత్తె కాదు. అయినా చూస్తూ నిలబడితే కాళ్లు కదలవు. పైలట్ ముందు కూర్చుంటాడు. నా కుర్చీ బాగా వెనక, నడుం మధ్యలో, అద్దపు బుడగ కింద. మా ఇద్దరి మధ్యా ఫిరంగులూ ఉక్కు తలుపులూ. ఒకే విమానంలో ఉంటాం, ఒకరి మొహం ఒకరికి కనబడదు. చెవుల్లో తీగ మీద వచ్చే గొంతు, అంతే. మెర్వ్‌కి అదీ దండగే.

నీ తమ్ముడు,
లిన్

పోర్ట్ మెల్బోర్న్
జూన్, 1944

ఒరేయ్ లిన్,

నిన్నెవరూ చేసుకోలేదని ఒక పూటకే అంత ఏడిస్తే, ఇరవై ఎనిమిదేళ్లొచ్చిన నేనేం చెయ్యాల్రా?

బోఫైటర్‌ని చూశావా అని నన్నే అడుగుతావా? పొద్దస్తమానం దాని పొట్టలోనే ఉంటున్నాను. ఫ్యాక్టరీలో ఇప్పుడు మాది తోక పని. నా జత ఫిలిస్ బయట నిలబడి రివెట్లు కొడుతుంది. నేను పొట్టిదాన్ని కాబట్టి తోకలోకి దూరి, రివెట్టు వెనక ఇనప దిమ్మ అదిమిపట్టి కూర్చుంటాను. ఆవిడ కొట్టే ప్రతి దెబ్బా నా పళ్లలో మోగుతుంది. రాత్రి అమ్మ ఏదైనా చెప్తే "ఆఁ?" అంటున్నాను. "నువ్వూ మీ నాన్నలాగే తయారయ్యావు" అంటోంది.

పోయిన నెల మా చేత్తో కట్టిన మొదటిది ఎగిరింది. చేతుల్లో పనిముట్లతోనే అందరం బయటికి పరిగెత్తాం. నేల వదిలేదాకా ఒక్కరూ కిక్కురుమనలేదు. మా తలలమీంచి పోయేటప్పుడు చప్పుడు ఎంత తక్కువగా వచ్చిందో! అంత పెద్ద శాల్తీ, అంత గుట్టుగా. పొద్దున్నుంచీ మమ్మల్ని తిట్టిపోసిన ఫోర్మను అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. నేనైతే బాహాటంగానే ఏడ్చాను. నేను దిమ్మ పట్టిన తోక ఆకాశంలో ఉందిరా!

మెర్విన్‌గారి భార్య యారావిల్‌లో ఉంటోందని మొన్న కార్డులో రాశావు. ఆదివారం కేకు చేసి పట్టుకెళ్తున్నాను. మీ ఇద్దరికీ పెళ్లయిపోయిందంటే నేను వియ్యపురాల్ని కదా, వెళ్లి పలకరించొద్దూ?

డల్సీ

ఉత్తరాన ఎక్కడో
(ఊరి పేరు రాస్తే సెన్సారు ఆఫీసరు కత్తెర వేస్తాడు)
సెప్టెంబరు, 1944

అక్కకి,

ఇక్కడంతా ఎర్ర దుమ్ము. టీలో దుమ్ము, పరుపులో దుమ్ము, డబ్బా మాంసంలో దుమ్ము. ఉతికిన చొక్కా ఆరేలోపు మళ్లీ ఇటుక రంగు. అయినా బాగానే ఉన్నాను.

ఇప్పటికి చాలాసార్లు సముద్రం దాటి వెళ్లొచ్చాం. ఎక్కడికో అడక్కు. నీళ్లకి ఎంత దగ్గరగా పోతామంటే, రెక్కల మీద ఉప్పు పేరుకుంటుంది. చప్పుడు ముందు పోదు, మేమే ముందు పోతాం. మొన్న ఒక రేవు మీదికి వెళ్తే, అక్కడివాళ్లు మా నీడ మీద పడ్డాకగానీ తల ఎత్తలేదు. తిరిగొచ్చాక చూస్తే ఇంజన్లో మడచెట్ల ఆకులు ఇరుక్కుని ఉన్నాయి. మా మెకానిక్ అవి పీకుతూ, "మధ్యాహ్నానికి ఆకుకూర తెచ్చారా, అయ్యా?" అన్నాడు. చెట్టుకి తగిలినా, తూట్లు పడినా, ఒక ఇంజన్ ఆగినా, ఇది మాత్రం ఇంటికి తీసుకొస్తుంది. మీ ఆడవాళ్లకి ఇక్కడ ఎన్ని దణ్ణాలు పడుతున్నాయో తెలిస్తే మీ ఫోర్మను కుళ్లుకుని చస్తాడు.

మెర్వ్ మాత్రం మారలేదు. "దారి?" అంటాడు, చెప్తాను. "సరే" అంటాడు. అదీ మా సంసారం. నా సంగతి నీకు తెలుసుగా, విమానం నేలకి దిగుతుంటే నా నోరు ఊరుకోదు. కుర్చీ తిప్పుకుని, మెడ సాచి ముందుకి చూస్తూ, "ఎత్తుగా ఉన్నావు, కొంచెం ఎడమకి, ఇప్పుడు దించు" అని వాగుతూనే ఉంటాను. ఇంకో పైలటయితే ఎప్పుడో నోరు ముయ్యమనేవాడు. మెర్వ్ ఏమీ అనడు. వింటాడో వినడో కూడా తెలీదు. గోడతో కాపరం.

అసలు విషయం ఇది. ఇక్కడ టకెట్ అని ఒకడున్నాడు. ఛాతీ మీద పతకం రిబ్బను, పేపర్లో ఫోటో. అతని నావిగేటర్‌కి డెంగీ జ్వరమొచ్చి దక్షిణాదికి పంపేశారు. నిన్న భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "ఏమోయ్ లిన్, నాతో వస్తావా?" అని అడిగాడు. ఒకడి నావిగేటర్ని ఇంకొకడు అడగడం ఇక్కడ పెద్ద తప్పు, పరాయివాడి పెళ్లాన్ని లేచి రమ్మన్నట్టే లెక్క. అయినా అడిగాడు. టకెట్ వెనక ఎగిరినవాళ్లు పైవాళ్ల కళ్లలో పడతారు. మళ్లీ పైలట్ శిక్షణకి పంపినా పంపుతారు. నాకు కాళ్లు నేలమీద ఆగడం లేదు. ఏం చెయ్యమంటావు?

లిన్

పోర్ట్ మెల్బోర్న్
సెప్టెంబరు, 1944

లిన్,

వద్దు. అడిగావు కాబట్టి చెప్తున్నాను, వద్దు.

ఇప్పుడు నేనూ, మెర్విన్‌గారి భార్య ఐవీ ప్రతి ఆదివారం కలుస్తున్నాం. బక్కపలచని మనిషి, నాలుగేళ్ల పిల్ల, అద్దె గది. మెర్విన్‌గారు నీతో మాట్లాడడంటావు. ఆవిడకి రాసే ఉత్తరాల నిండా నువ్వేరా! "మా అబ్బాయి ఇవాళ మబ్బులో సూది మొనంత దీవిని పట్టేశాడు" అని ఒకసారి. "మా అబ్బాయికి ఆకలెక్కువ, నా బిస్కెట్లు వాడికే పెడుతున్నాను" అని ఇంకోసారి. ఆ బిస్కెట్లు ఎవరివనుకుని తింటున్నావు నువ్వు? ఆవిడ చదువుతుంటే నాకు సిగ్గేసింది.

మొన్న వెళ్లేసరికి ఐవీ కుట్టుమిషన్ ముందు ఊరికే కూర్చుని ఉంది. "డల్సీ, మా ఆయన ఎంత గట్టివాడైనా సముద్రం మీద దారి తప్పితే చేసేదేం లేదు. ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేది మీ తమ్ముడే. ఆ అబ్బాయి ఉన్నాడనే నేను నిద్రపోతున్నాను" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. అది నీకు రాయనని ఒట్టు వేయించుకుంది. అందుకని రాయడం లేదు.

నీకు పైలట్ అవ్వాలనుందని నాకు తెలుసు. శిక్షణ నుంచి గెంటేసిన రోజు నువ్వు వంటింట్లో కూర్చుని ఏడ్చింది నేను మర్చిపోలేదు. అయినా సరే, ఆ మనిషిని వదలకు.

డల్సీ

ఉత్తరాన ఎక్కడో
అక్టోబరు, 1944

అక్కకి,

నీ ఉత్తరం అందింది. టకెట్‌కి సరేనన్నాను. వచ్చే వారం నుంచి అతనితో.

బిస్కెట్ల కోసం జీవితమంతా వెనక్కి తిరిగి కూర్చోలేను. మెర్వ్‌కి ఎవరో ఒకరు దొరుకుతారు. అతనికింకా చెప్పలేదు. ఈ వారం వెళ్లొచ్చాక చెప్తాను. నాకిప్పుడు పాఠాలు చెప్పకు.

లిన్

పోర్ట్ మెల్బోర్న్
అక్టోబరు, 1944

లిన్,

ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. ఐవీ నన్ను క్షమిస్తుందో లేదో, అది మా ఇద్దరి గొడవ.

టకెట్ తనంతట తాను నిన్ను అడగలేదు. మెర్విన్‌గారే అతని దగ్గరికి వెళ్లి అడిగారు. ఐవీకి ఏం రాశారో నేను కళ్లారా చదివాను. "అబ్బాయి బంగారం. నాలాంటి ముసలి రైతు వెనక కూర్చుంటే వాణ్ణి ఎవరూ చూడరు. టకెట్ వెనకైతే చూస్తారు, మళ్లీ పైలట్ శిక్షణకి పంపుతారు. వాడికి అదొక్కటే కోరిక. నేను అడిగినట్టు వాడికి తెలిస్తే మొహమాటపడి ఆగిపోతాడు, అందుకని టకెట్ నోరు కట్టేశాను" అని రాశారు. ఐవీ అది చదివి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన మంచితనానికి ఆవిడ ప్రాణం పోతోంది. పైకి అనలేదు, ఆయన కోప్పడతారని.

ఇప్పుడు వెళ్లు ఎవరితో వెళ్తావో.

డల్సీ

ఉత్తరాన ఎక్కడో
నవంబరు, 1944

అక్కా,

నీ ఉత్తరం నాకు ఎక్కడ అందిందో తెలుసా? ఆసుపత్రి గుడారం బయట, తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఉంటే ఎవరో తెచ్చి చేతిలో పెట్టారు. చదివి అక్కడే తల పట్టుకున్నాను. ఒక్క వారం ముందు రాకూడదా అది!

నాకేమీ కాలేదు, అమ్మకి చెప్పు. మెర్వ్‌కే. ప్రాణం నిలబడిందని డాక్టరు ఈ పొద్దున్నే చెప్పాడు. కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

మొదట్నించీ చెప్తాను. మేము ఒక ఓడ మీదికి వెళ్లాం. కిందనుంచి బాగా కాల్చారు. విమానం ఒక్కసారి అదిరింది, నా బుడగకి బీట పడింది. "మెర్వ్, బాగున్నావా?" అన్నాను. "గీసుకుంది, ఏం లేదు. దారి?" అన్నాడు. ఇంటికి దారి చెప్పాను. అప్పుడు మొదలుపెట్టాడక్కా మాట్లాడటం. నేను బిత్తరపోయాను! మాలీలో ఎలకలు పడిన ఏడాది, పడుకుంటే దుప్పట్లోకి దూరి కాలి వేళ్లు కొరికేవట, వాళ్ల కుక్క ఎలకల్ని తినీ తినీ చివరికి వాటిని చూస్తే మొహం తిప్పుకునేదట. ఐవీని మొదటిసారి చూసింది గోధుమ బస్తాల బండి మీదట, ఆవిడ ఈయన్ని కూలివాడనుకుని "జాగ్రత్తగా దించవోయ్" అని కసిరిందట. వాళ్ల పిల్ల 'ర' పలకలేక పలకలేక చివరికి పలికిన రోజు ఇంటిల్లిపాదికీ పండగట. సముద్రం దాటినంతసేపూ ఒకటే కబుర్లు. మధ్యలో "దారి?" అంటాడు, నేను చెప్తాను, మళ్లీ కబుర్లు. నేను పడీ పడీ నవ్వాను. ఈ మనిషిని వదిలిపోతున్నానని ఎలా చెప్పాలా అని లోపల పీకుతోంది, పైకి నవ్వుతున్నాను.

తీరం దాటి మా మైదానం దగ్గర పడ్డాక నేను మర్యాదగా నోరు మూసుకున్నాను. ఇదే ఆఖరిసారి కదా, ఇవాళైనా ఆయన్ని విసిగించకూడదనుకున్నాను. "ఏం అబ్బాయ్, ఇవాళ నోరు పడిపోయిందా?" అన్నాడు. "రోజూ దిగేటప్పుడు నస పెడతావుగా. కానీయ్, మొత్తం చెప్పు. ఇవాళ నువ్వెలా చెప్తే అలాగే దింపుతా." నాకు ఎంత హుషారొచ్చిందనుకున్నావు! మెడ సాచి మొదలుపెట్టాను. కొంచెం ఎడమకి. ఎక్కువైంది, కుడికి. ఎత్తుగా ఉన్నావు, దించు, ఇంకా దించు, చాలు. మూతి ఎత్తు. పట్టు, పట్టు, ఇప్పుడు వదిలెయ్. చంటిపిల్లని ఉయ్యాల్లో దించినట్టు దింపాడు. ఆయన చేసిన వాటిల్లోకెల్లా మంచి దిగుడు అదే.

నేను కిందికి దూకి, నవ్వుతూ ముందుకెళ్లాను. పైలట్ తలుపు తెరుచుకోలేదు. మెకానిక్ నిచ్చెనెక్కి లోపలికి చూసి కేక పెట్టాడు. సీటు కింద అంతా రక్తమే అక్కా. తొడకి తన నడుం పట్టీ తనే బిగించి కట్టుకున్నాడు. స్పృహ లేదు.

మర్నాడు కళ్లు తెరిస్తే అడిగాను, "నన్నెందుకు పిలవలేదు మెర్వ్? పాక్కుంటూ వచ్చి కట్టు కట్టేవాణ్ణిగా" అని. "నువ్వు ముందుకొస్తే దారి ఎవడు చెప్తాడ్రా?" అన్నాడు. మళ్లీ నిద్రలోకి పోయాడు.

స్పృహ తప్పకుండా ఉండటానికి ఆ కబుర్లన్నీ చెప్పాడు. నేను వెనక కూర్చుని పకపకా నవ్వాను. ఆయన ఒంట్లో రక్తం పోతూ విమానాన్ని అంత దూరం తెచ్చి, అంత అందంగా దింపాడు. నేను ఆటకి వాగినట్టు వాగాను. టకెట్‌కి రానని చెప్పేశాను. అసలు ఎగరడమే మానేస్తానని కమాండరుకి రాసివ్వబోతున్నాను. ఏదైనా స్టోర్సులో దుప్పట్లు లెక్కపెట్టుకుంటాను. నాకు అంతకుమించి అర్హత లేదు. ఐవీకి నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

లిన్

పోర్ట్ మెల్బోర్న్
జనవరి, 1945

నా తమ్ముడికి,

ఆ కాగితం కమాండరుకి ఇంకా ఇవ్వలేదని మొన్నటి కార్డులో రాశావు. ఇవ్వకు. ముందు ఇది చదువు.

మెర్విన్‌గారు ఇంటికొచ్చారు. ఐవీ గడప దాటి ఎదురెళ్లలేదు, గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆయనే కర్రల మీద ఒంగి, "లేవవే, పడేవాణ్ణి నేనయితే నువ్వు పడతావేంటి?" అన్నారు. కాలు లేని చోటుని చూసి, మళ్లీ మొలుస్తుందా అని పిల్ల అడిగింది. నేను పెరట్లోకి వెళ్లి తనివితీరా ఏడ్చి వచ్చాను.

టీ అయ్యాక ఐవీ పిల్లని పడుకోబెట్టడానికి వెళ్లింది. ఆయనకి నీ ఉత్తరం సంగతి చెప్పాను. నువ్వు ఎగరడం మానేస్తానంటున్నావని, ఏమీ చెయ్యలేకపోయానని కుమిలిపోతున్నావని చెప్పాను. ఆయన ఖాళీ కప్పుని సాసర్లో తిప్పుతూ కూర్చున్నారు. ఆయన పలకకపోతే ఎంత కష్టమో నాకూ తెలిసొచ్చింది. తర్వాత, "వాడు నోరు మూసుకున్నప్పుడు నా ప్రాణం పోయిందమ్మా" అన్నారు.

"ఎప్పుడు?" అన్నాను.

"తీరం దాటాక. అప్పటికే నా కళ్లముందు అంతా బూడిద రంగు. అద్దం ఎక్కడుందో తెలుసు, అద్దం బయట ఏముందో తెలీదు. నేలా లేదు, ఆకాశమూ లేదు. సరిగ్గా అప్పుడే వాడు మర్యాదకి పోయి ఊరుకున్నాడు."

"మరి ఎలా దిగారు?" అన్నాను.

"చెయ్యి నాది. అంతే. ఎడమకి అంటే ఎడమకి, దించు అంటే దించాను, వదిలెయ్ అంటే వదిలేశాను. వాడు రోజూ చెప్పేవన్నీ విన్నానమ్మా, ఒక్కటీ తప్పుండేది కాదు. వాణ్ణి గెంటేసినవాళ్లకి వాడి చేతులే కనబడ్డాయి, కళ్లు కనబడలేదు."

"అప్పుడే చెప్పొచ్చు కదా, కనబడటం లేదని?"

"చెబితే వాడి గొంతు వణికేది. గొంతు వణికితే ఇద్దరం పోయేవాళ్లం."

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఇది నీకు ఎప్పటికీ చెప్పొద్దని అడిగారు. తెలిస్తే ఇకమీద దిగే ప్రతిసారీ నీకు భయం పట్టుకుంటుందట. తనే దింపినట్టు ఉండనిమ్మన్నారు. నేను సరేనని మాట ఇచ్చాను.

ట్రామెక్కి ఇంటికొచ్చి, గౌను కూడా మార్చుకోకుండా ఇది రాస్తున్నాను. నీకొకసారి ఒక మాట దాచి చూశాను, చివరికి అది నీకు ఒక వారం ఆలస్యంగా అందింది. ఈసారి దాచను. నువ్వు భయపడతావని ఆయన అనుకుంటున్నారు. నేననుకోను. నిన్ను చిన్నప్పట్నించీ ఎరిగినదాన్ని.

ఆ కాగితం చించెయ్. నీ కుర్చీలో నువ్వు కూర్చో. ఆ రోజు విమానాన్ని దింపింది మెర్విన్‌గారు కాదురా లిన్. నువ్వు.

అక్క